లూ ఉత్తరాల మీద రాసేముందు

అమ్మడూ,

ఫ్రెంచి కవి అపోలినేర్ తన ప్రేయసి లూకి రాసిన ఉత్తరాల మీద వ్యాసం రాస్తానన్నావు, సంతోషం. కానీ ఒక్క ఉత్తరమైనా పూర్తిగా చదవకముందే "యుద్ధజ్వాలల్లో అమర ప్రేమ" అని హెడ్డింగ్ పెట్టేశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

ముందు తారీఖులు ఒక కాగితం మీద వేసుకో. 1914 సెప్టెంబర్‌లో, మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఇద్దరికీ పరిచయం. డిసెంబర్‌లో ఈయన ఫిరంగి దళంలో చేరి నీమ్ అనే ఊళ్లో బ్యారక్స్‌కి వెళ్తే, ఆవిడ వెతుక్కుంటూ వచ్చి ఓ వారం ఉంది. 1915 మార్చి చివరికి మార్సేలో తెగతెంపులైపోయాయి, ఇకమీదట స్నేహితుల్లా రాసుకుందాం అనుకున్నారు, అలా 1916 జనవరి దాకా రాశాడు. ఆయన ఫ్రంట్‌కి, అంటే యుద్ధరంగానికి, వెళ్లింది 1915 ఏప్రిల్‌లో. అంటే కందకాల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ప్రేమ ముగిశాక రాసినవే! అందరూ కన్నీళ్లు పెట్టుకునే ఆ "నేనక్కడ చచ్చిపోతే" కవిత ఉంది కదా, అది 1915 జనవరి 30న నీమ్‌లో రాసింది, అప్పటికి ఈయన యుద్ధం ముఖమే చూడలేదు. దాని ఫ్రెంచి మూలంలో చివరి మూడు పంక్తుల మొదటి అక్షరాలు కలిపి చూడు, లూ పేరే వస్తుంది. చావు గురించి రాస్తూ కూడా ఇంత పనితనం చూపించాడంటే ఏడుపు ఎంత, కవిత్వం ఎంత అన్నది నువ్వే తేల్చుకోవాలి.

రెండోది, లూ ఉత్తరాలు మాత్రమే చదివి ఊరుకోకు. 1915 కొత్త సంవత్సరం రోజుల్లోనే రైల్లో మాడ్‌లెన్ పాజెస్ అనే టీచరమ్మ తగిలింది, ఆగస్టుకల్లా ఆమెతో పెళ్లి మాట కూడా అయిపోయింది. ఇద్దరికీ రాసినవి పక్కపక్కన పెట్టుకో. ఒంటికి తొమ్మిది ద్వారాలనే కవిత (మన నవద్వారాల లెక్కే, కానీ వైరాగ్యం కోసం కాదులే) ముందు లూకి వెళ్లింది, సెప్టెంబర్‌లో "ఇది నీ ఒక్కదానికే" అంటూ మాడ్‌లెన్‌కి వెళ్లింది. మోసగాడని తిట్టెయ్యడం తేలిక, కానీ ఆ కవిత రెండు రూపాల్లో ఏది మారింది, ఏది మారలేదు అని పట్టుకుంటే నీ వ్యాసానికి అసలు సరుకు అక్కడే దొరుకుతుంది.

1915 ఫిబ్రవరి 9న లూ మీద రాసిన బొమ్మ కవితని మాత్రం అర్థం కోసం వెతక్కుండా ముందు కళ్లతో చూడు. అక్షరాలే వెడల్పాటి టోపీ, అక్షరాలే కన్ను, ముక్కు, నోరు, మెడ. తర్వాత చదువుకో. శృంగారం పచ్చిగానే ఉంటుంది, సిగ్గుపడి కత్తిరించకు, అలాగని దాన్నే ఎర వేసి రాయకు.

ఇక లూ సంగతి. కొలిన్యీ-షాతియోఁ అనే ప్రభువంశపు బిడ్డ, భర్తతో విడిపోయిన మనిషి, అప్పట్లోనే విమానాలెక్కిన రకం. ఆమెకి ఇంకో ప్రియుడున్నాడు, ఆ సంగతి ఈయన దగ్గర దాచలేదు కూడా. పొగరుబోతు దొరసాని, పాపం కవి అని కథ అల్లేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఆ జాబితాలో చేరకు. ఆయన ఉత్తరాలు 1969లో, ఆమె పోయిన ఆరేళ్లకు పుస్తకంగా వచ్చాయి. ఆమె జవాబులు కొన్ని మాత్రమే దొరికాయి. "లూ ఏమనుకుందంటే" అని నీ డ్రాఫ్ట్‌లో ఎక్కడ రాసినా దానికి ఆధారం ఆయన మాటేనా అని అడుగుతాను, సిద్ధంగా ఉండు.

హెడ్డింగ్ మార్చి పంపు.

నీ బాబాయ్