మూడంకెల నంబర్లు సముద్రం దాటవు

సందేహం: అక్కా, తిరుపతి నుంచి ఎం.ఎస్. చదవడానికి మినియాపోలిస్ వచ్చి మూడు నెలలైంది. నాతో గదిలో ఉన్న ఇద్దరూ ఉత్తరాది అమ్మాయిలు. మంచివాళ్ళే, కానీ నా కబుర్లన్నీ ఆన్‌లైన్‌లో పరిచయమైన నలుగురు తెలుగు స్నేహితులతోనే. వాళ్ళలో ఒక్కరినీ ఎదురుగా చూడలేదు. "ముఖం తెలియని వాళ్ళు రేపు కష్టమొస్తే వస్తారా?" అని మా అమ్మ రోజూ అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అమ్మగారి ప్రశ్న మా అమ్మ నన్ను ఏళ్ళ తరబడి అడిగిందే. నేను చెప్పిన సమాధానం ఏదీ ఆమెకు నచ్చలేదు. చివరికి 2021 నవంబరులో సమాధానం మా ఇంటి గుమ్మంలోకే వచ్చింది.

మేము ఆరుగురం. గళ్ళనుడికట్టు పిచ్చి మమ్మల్ని ఒకచోట చేర్చింది. ఒకరు డాలస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో, ఇద్దరు హైదరాబాదులో, ఒకావిడ మన తిరుపతిలో, కొర్లగుంటలో. నేను పుట్టి పెరిగిన ఊరే అయినా ఆవిడను అక్కడ ఎన్నడూ చూడలేదు. నేను ఊరు విడిచాక ఆవిడ కోడలిగా ఆ ఊరికి వచ్చారు. నిలువు పదకొండు ఏమిటి, అడ్డం నాలుగులో అరసున్నా ఉందా అంటూ మొదలైన మాటలు కొన్నాళ్ళకు పొయ్యి దగ్గరికి చేరాయి. సంగటి ఉండలు కట్టింది, ఊరుబిండిలో కారం ఎక్కువైంది, గంగమ్మ జాతరకు పిల్లవాడు బైరాగి వేషం వేస్తానని మారాం చేస్తున్నాడు. ఇలాంటివే. మా ఆయన తొంగి చూసి "ఇందుకా గంట సేపు ఫోను పట్టుకున్నావు?" అనేవారు. అవును, ఇందుకే.

2019 వేసవిలో ఒకనాడు మాటల్లో అన్నాను, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఈసారి ఊరగాయకు కాయలు తెచ్చుకోలేకపోయిందట అని. నేను ఏమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత కొర్లగుంట ఆవిడ, ఆవిడ భర్త స్కూటరు మీద మామిడికాయల సంచీ తీసుకుని మా అమ్మ ఇంటికి వెళ్ళారు. కాఫీ తాగి వచ్చేశారు. అంతే జరిగింది.

2021 నవంబరు 18న తిరుపతిని వాన ముంచేసింది. కొండ దారులు మూసేశారు, పల్లపు వీధులు కాలువలైపోయాయి. ఇక్కడ ఉదయం ఏడున్నర, అక్కడ రాత్రి ఏడు. అమ్మ ఒక్కతే, కింది వాటా, ఫోను మోగడం లేదు. మా ఆరుగురికీ ఒక్క వాక్యం రాశాను. కొర్లగుంట నుంచి ముప్పావు గంట పాటు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక ఫొటో వచ్చింది. కొర్లగుంట ఆవిడ ఇంట్లో మంచం మీద మా అమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో మందుల డబ్బా. ఆవిడ భర్త మోకాటి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నాలుగు రోజులు వాళ్ళ మేడ మీదే ఉంది.

ఆ మామిడికాయల సంచీ లేకపోతే, కరెంటు లేని చీకట్లో ఏ సందులో ఏ గుమ్మమో ఆయనకు ఎలా తెలిసేది? మా అమ్మ మాత్రం ఊరూ పేరూ తెలియని మనిషి వెంట గడప దాటి ఉండేదా? మీ అమ్మగారికి ముందు ఇది చెప్పు. సంగటి కబుర్లు సాగుతున్న చోటనే కష్టం చెప్పుకునేందుకు నోరు పెగులుతుంది. పండుగకు ఒక బొమ్మ, పుట్టినరోజుకు ఒక కేకు గుర్తు పంపుకునే స్నేహాల్లో పెగలదు.

ఇక నీ సంగతి. ఆపదలో పనికొచ్చే నంబర్లు మూడంకెలవి, అవి సముద్రం దాటవు. సముద్రమే కాదు, రాష్ట్రం కూడా సరిగ్గా దాటవు. నువ్వు ఫోను ఎత్తడం లేదని కంగారుపడి డాలస్‌లో ఉన్న స్నేహితుడు 911 కొడితే, ఆ ఫోను ఎత్తేది అక్కడి వాళ్ళే. ఇటు మళ్ళించే ప్రయత్నం చేస్తారు, ఈలోగా సమయం పోతుంది. తిరుపతి నుంచి 911 కొడితే ఇక్కడికి చేరనే చేరదు. అలాగే నువ్వు ఇక్కడ కూర్చుని మీ నాన్నగారి కోసం 108 కొట్టలేవు. అటైనా ఇటైనా, ఆ ఊళ్ళో ఉన్న మనిషి ఒకరు కావాలి.

అందువల్ల ఈ వారమే ఒక పని చెయ్యి. నీ నలుగురిలో బాగా నమ్మకం కుదిరిన ఒకరికి, మహా అయితే ఇద్దరికి, గది నంబరుతో సహా నీ చిరునామా ఇవ్వు. మీ ఊరి పోలీసులకు పది అంకెల మామూలు నంబరు ఉంటుంది, దాన్ని వెతికి ఇవ్వు. ఎక్కడి నుంచి చేసినా అది మోగుతుంది, మనిషి క్షేమంగా ఉన్నారో లేదో చూసి రమ్మని వాళ్ళను అడగవచ్చు. నీ గదిలో అమ్మాయిల నంబర్లు కూడా ఇవ్వు, వాళ్ళకు ముందే చెప్పి. కనీసం నాలుగైదు సార్లు వీడియోలో మాట్లాడని మనిషికి మాత్రం ఇవేవీ ఇవ్వకు. నేను సొంత ఊరి మనిషికే మా అమ్మ ఇంటి దారి చెప్పడానికి ఏళ్ళు తీసుకున్నాను.

మనసు బాగాలేక, బతుకు మీద విరక్తి పుట్టే రాత్రి వస్తే స్నేహితులతో మాట్లాడు, వాళ్ళతోనే ఆగిపోకు. ఇక్కడ 988కు ఫోను చెయ్యవచ్చు, మెసేజీ పంపవచ్చు. తిరుపతిలో ఉన్న స్నేహితురాలికి అలాంటి రాత్రి వస్తే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నీకు తెలిసి ఉంటే, నువ్వు ఆమెకు చెప్పగలవు.

వేళల తేడా గురించి అందరూ ఏడుస్తారు. నేను ఏడవను. చలికాలంలో మనకూ తిరుపతికీ పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం మన గడియారాలు ఒక గంట జరుగుతాయి, వాళ్ళవి జరగవు. ఆ వారం ముందే చెప్పకపోతే ఆదివారం పొద్దున్నే స్నానం చేసి నీ ఫోను కోసం కూర్చున్న మనిషి గంట సేపు కాచుకుని అలుగుతుంది. ఇది మినహా ఆ తేడా మనకు వరమే. కొర్లగుంట ఆవిడ భర్తకు గుండె ఆపరేషన్ జరిగిన రాత్రి, అక్కడ రెండు గంటలకు ఆవిడ ఆస్పత్రి వరండాలో ఒంటరిగా ఉన్నారు. బంధువులందరూ నిద్రలో ఉన్నారు. నాకూ డాలస్ ఆయనకూ అప్పుడు పట్టపగలు. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను, ఆయన కారులో. తెల్లవారేదాకా వంతులు వేసుకుని ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాం. గుండె ఊసు ఎవరమూ ఎత్తలేదు. పాత గళ్ళనుడికట్టు ఒకటి తీసి, అందులో సగం తప్పులేనని తేల్చాం.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని కూడా చెబుతాను. తిరుపతిలో స్నేహితులు ఉన్నారంటే ఇక్కడ మనకు ఎక్కడలేని పరపతి వస్తుంది. ఆఫీసులో ఒకాయన అత్తగారికి దర్శనం, ఇంకొకరి తమ్ముడికి కొండ మీద గది. వరుసగా మూడుసార్లు ఆవిడనే అడిగాను. నాలుగోసారి అడిగితే జవాబు లేదు. మూడు వారాలు గళ్ళనుడికట్టుకూ రాలేదు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దేవస్థానం వాళ్ళే నెలల ముందుగా ఆన్‌లైన్‌లో ఇస్తారు, ఆ మాట నేను నా ఆఫీసులో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అది చెప్పడానికి మొహమాటపడి, ఆ మొహమాటమంతా ఆవిడ నెత్తిన పెట్టాను. ఫోను చేసి క్షమాపణ అడిగాను. "మీకు కాదంటే ఎలా అని మా ఆయన ఎవరెవరినో బతిమాలారండీ" అన్నారు ఆవిడ. సిగ్గేసింది. అప్పటి నుంచి ఆవిడను కొండ మీద పని ఏదీ అడగలేదు. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు ఆటో డబ్బులు ఆ సాయంత్రమే పంపుతాను, వద్దన్నా సరే. పెద్ద మేలుకు లెక్క కట్టలేం. చిన్న ఖర్చుకు కట్టాలి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. "అర్జెంటు, వెంటనే పంపు" అని స్నేహితుడి పేరుతో మెసేజీ వస్తే, గొంతు వినేదాకా పంపకు. ఖాతాలు దొంగిలించే వాళ్ళకు మన చనువు బాగా తెలుసు. వీసా సందేహాలు కూడా స్నేహితులను అడగకు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్ళు. స్నేహితులు ధైర్యం చెబుతారు, పోయిన నెల మారిన నియమం చెప్పలేరు.

నీ గదిలో అమ్మాయిలను చిన్నచూపు చూడకు. జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కారు కదలనప్పుడు బ్యాటరీకి తీగ తగిలించేది వాళ్ళే, డాలస్ ఆయన కాదు. వారానికి ఒక రోజైనా ఫోను పక్కన పెట్టి వాళ్ళతో కలిసి వండుకో. వాళ్ళకు ఊరుబిండి రుచి చూపించు, చపాతీ గుండ్రంగా ఒత్తడం నేర్చుకో. మేపుల్ గ్రోవ్‌లో మన గుడి ఉంది, ముగ్గురూ కలిసి వెళ్ళండి.

మీ అమ్మగారిని ఒక్కసారి వీడియోలో నీ నలుగురితో మాట్లాడించు. చలికాలం శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు నువ్వు కూర్చుంటే అక్కడ ఆదివారం ఉదయం ఎనిమిది, ఆమెకూ తీరిక ఉంటుంది. మరీ మంచిగా పరిచయం చేస్తే ఏమవుతుందో కూడా చెబుతున్నాను. ఈ ఏడాది మా అమ్మ పెట్టిన ఊరగాయలో నా జాడీ ఇంకా తిరుపతి దాటలేదు. నేరుగా కొర్లగుంటకు వెళ్ళింది. నాకు ఫొటో పంపారు.