పాలిమర్ తోడుంటే ఎంజైము మందు నిలుస్తుందా?

మొండి బాక్టీరియాను చంపే ఎంజైములు ఎప్పుడో దొరికాయి కదా, యాంటీబయాటిక్కులకు లొంగని పుండ్లకు వాటిని ఎందుకు వాడరు, పాలిమర్ (చిన్న ముక్కలు గొలుసుగా కలిసిన పొడవాటి అణువు) కలిపితే ఆ లోటు తీరుతుందా అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. గుంటూరులో బయోకెమిస్ట్రీ చదివి, కొన్నేళ్లు విద్యార్థులచేత ప్రాక్టికల్స్ చేయించినవాణ్ణి కనుక ఆ అనుభవం మేరకే చెబుతాను.

చంపడంలో ఎంజైముకు లోటేమీ లేదు. మైక్రోకాకస్ బాక్టీరియా కలిపిన నీళ్లు పలుచటి మజ్జిగలా తెల్లగా, మసకగా ఉంటాయి. వాటిలో కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ కొద్దిగా వేస్తే, కణాల గోడలు తెగి, చూస్తుండగానే పరీక్షనాళిక తేటపడుతుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ముక్కు చీమిడిలో గుర్తించి 1922లో వెల్లడించింది ఈ ఎంజైమునే. అయితే పుండ్లలో చేరే స్టెఫైలోకాకస్ ఆరియస్ తన గోడలోని చక్కెర గొలుసుకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపులు తగిలించుకుంటుంది కాబట్టి, లైసోజైమ్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. దానికి సరిజోడు 1964లో వెల్లడైన లైసోస్టాఫిన్ అనే ఎంజైము. ఆ గోడలో గొలుసులను కలిపే, గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం అయిదు ముక్కలతో కట్టిన వంతెనను ఇది కోసేస్తుంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్కుకు లొంగని రకానికీ ఆ వంతెన ఉంటుంది గనుక అదీ కూలుతుంది.

లోటంతా ఎంజైమును నిలబెట్టుకోవడంలో ఉంది. ఒక రోహిణి కార్తెలో, మర్నాటి ప్రాక్టికల్ కోసం లైసోజైమును బాగా పలుచన చేసి, సాయంత్రమే గాజు నాళికల్లో పోసి ఉంచాను. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున ఎంతసేపు చూసినా మజ్జిగ మజ్జిగలాగే ఉంది. ఎండకు చెడిందని విద్యార్థుల ముందు తీర్పు కూడా చెప్పేశాను. తీరా అదే గదిలో, అదే వేడికి బల్లమీద ఉన్న చిక్కటి ద్రావణం సీసాలోంచి తీసి అప్పటికప్పుడు పలుచన చేస్తే చక్కగా పనిచేసింది! లైసోజైమ్ మన ఎండకు బెదిరే రకం కాదు. ధనావేశం గల ఆ అణువులు రాత్రికి రాత్రి గాజు గోడకు అంటుకుపోయాయి. తర్వాతి వారం నుంచి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌ను అతి తక్కువగా కలపడం మొదలుపెట్టాక నష్టం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

సీసాలోనే ఇంత తంటా అయితే, ఎంజైమూ ఒక ప్రొటీనే కనుక, ఒంట్లో ప్రొటీన్లను కోసే ఎంజైములు, వాటిని పట్టుకునే యాంటీబాడీలు కూడా కాచుకుని ఉంటాయి. అందుకే ఈ పాలిమర్ గొలుసునే ఎంజైముకు రసాయన బంధంతో అతికిస్తారు. గొలుసు తన చుట్టూ నీటిని పట్టుకుని ఉండటంవల్ల శత్రువులు దగ్గరకు రాలేరు. పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న పిల్లలకు ఇలా తయారుచేసిన ఎంజైము మందుకు 1990లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఆ మందు పని రక్తంలో తిరిగే చిన్న అణువులతో. లైసోస్టాఫిన్ వెళ్లి తాకవలసింది ఏకంగా ఒక గోడను. కాపలాకు పెట్టినవాడే గుమ్మానికి అడ్డంగా నిలబడినట్లు, గొలుసు తగిలించిన లైసోస్టాఫిన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచింది గాని కోసే చురుకు తగ్గింది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ఇప్పుడు కొందరు అతికించడం మాని, నీటిని ఇష్టపడేవి, నీటికి దూరంగా జరిగేవి, ఆవేశం గలవి అయిన ముక్కలను ఒకే గొలుసులో కలిపి, ఎంజైము మీది బలహీనమైన చోట్లను మాత్రమే కప్పే పాలిమర్ల కోసం చూస్తున్నారు. ఒక్కో ఎంజైము ఉపరితలం ఒక్కో తీరు కనుక, ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా మరొకరికి నప్పదు. ఏ పాళ్లు సరిపోతాయో ప్రతిదానికీ విడిగా వెతకవలసిందే. పాలిమర్ నిలబెట్టగలిగేది ఎంజైమునే గాని, బాక్టీరియా మారకుండా ఆపలేదు: గ్లైసీన్ వంతెనలో సెరీన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని చేర్చుకుని లైసోస్టాఫిన్‌ను తప్పించుకునే స్టెఫైలోకాకస్ రకాలూ ఉన్నాయి.

చివరగా, మా ఇరుగుపొరుగులో కాలిన గాయానికి తెల్లసొన పూసేవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను: లైసోజైమ్ ఉంది కదా అని మీరు ఆ పని చేయకండి. స్టెఫైలోకాకస్ దానికి లొంగదు, పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటే అదొకటి అదనంగా పుండులో చేరుతుంది.