తిరుపతి కూలీలను లంపెన్ వర్గం అనవచ్చా? సెమినార్ పత్రం గురించి

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మూటలు మోసేవారిని లంపెన్ వర్గమని (నిలకడైన పని, వర్గ చైతన్యం లేకుండా సమాజం అంచున బతికే శ్రేణికి మార్క్స్ వాడిన మాట) రాస్తే మీ గురువుగారు ఆ మాట కొట్టేశారని, కారణం అర్థం కాలేదని అడిగారు. ఆయన చేసింది సరైనదే.

మీరు తడబడటంలో వింత లేదు. 1852లో ఫ్రాన్సు పాలకుడు లూయీ బోనపార్టు మద్దతుదారుల ‘డిసెంబరు 10 సంఘం’ గురించి రాస్తూ మార్క్స్ ఇచ్చిన జాబితాలో జేబుదొంగలు, బిచ్చగాళ్లతో పాటు మూటలు మోసేవారూ ఉన్నారు. సాహిత్యకారులు కూడా ఉన్నారు, గమనించండి! అక్కడ ఆయన తూచింది పేదరికాన్ని కాదు, అమ్ముడుపోయిన రాజకీయ పాత్రను. 1848 జూన్‌లో పారిస్ కార్మికుల తిరుగుబాటును అణచిన ప్రభుత్వ దళం మొబైల్ గార్డు ఎక్కువగా ఈ శ్రేణి నుంచే వచ్చిందని ఆయన రాశాడు.

మన కూలీకి సరిపోయే మాట మార్క్స్ 1867 నాటి గ్రంథం ‘పెట్టుబడి’లో ఉంది. సాపేక్ష మిగులు జనాభాలో (పెట్టుబడి అవసరానికి మించి మిగిలిన శ్రామికుల్లో) స్తబ్ధ భాగం. పని నిలకడగా దొరకదు, అయినా వారిని మార్క్స్ శ్రామిక సైన్యంలోనే లెక్కించాడు. బ్రహ్మోత్సవాలకు చేతినిండా పని, తర్వాత ఎదురుచూపు: మీ పరిశీలనంతా ఈ శీర్షిక కింద చక్కగా ఇముడుతుంది.

1961లో వలస పాలనను వ్యతిరేకించిన రచయిత ఫానన్ మాత్రం వలస పాలన కింద ఉన్న దేశాల్లో లంపెన్ శ్రేణి తిరుగుబాటుకు ముందు నిలవగలదన్నాడు, పాలకులు వాడుకునే ప్రమాదాన్నీ హెచ్చరించాడు. దానికి ఒక పేజీ కేటాయించండి. ఆ కూలీలతో మాట్లాడాకే ముగింపు రాయండి.