మెదడు చికిత్సకు ముందు రక్తనాళం నమూనాపై సాధన: ఇది ప్రయోగమా?

ప్రశ్న: మేము అమెరికాలోని బఫెలోలో ఉంటున్నాం. మా నాన్నగారి వయసు 62. తలతిరుగుడుకు స్కాన్ చేయిస్తే, మెదడులోని ధమనికి 8 మిల్లీమీటర్ల ఉబ్బు, అంటే ఎన్యూరిజం ఉందని తేలింది. తొడ దగ్గరి రక్తనాళం నుంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి చికిత్స చేస్తామని, అంతకుముందు ఆయన రక్తనాళాలను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసి సాధన చేస్తామని డాక్టర్లు చెప్పారు. వారికి అనుభవం లేదా? మా నాన్నగారిపై ప్రయోగం చేస్తున్నారా?
- ఒక పాఠకురాలు

జవాబు: అనుభవం లేక చేసే పని కాదమ్మా ఇది. మెదడు రక్తనాళాల వంపులు ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవు కాబట్టి, వందల చికిత్సలు చేసిన వైద్యుడికి కూడా మీ నాన్నగారి ధమని కొత్త దారే. మిల్లీమీటరు కన్నా సన్నని మైక్రోక్యాథెటర్‌ను ఆ మలుపుల గుండా నడిపించి, ఉబ్బులో ప్లాటినం కాయిల్స్ అనే సన్నని తీగచుట్టలు నింపడమో, ధమనిలో ఫ్లో డైవర్టర్ అనే జల్లెడలాంటి గొట్టాన్ని అమర్చడమో చేస్తారు.

యాంజియోగ్రఫీ, అంటే రక్తనాళాలను చూపే స్కాన్ చిత్రాల నుంచి రక్తనాళాలను కంప్యూటర్‌లో వేరుచేసి, రబ్బరులా వంగే పదార్థంతో బోలుగా ముద్రిస్తారు. ఆ నమూనాకు పంపు తగిలించి, శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా వేడిచేసిన ద్రవాన్ని ప్రవహింపజేస్తూ, అసలు చికిత్సలో మాదిరిగానే ఎక్స్‌రే తెరపై చూస్తూ క్యాథెటర్ నడుపుతారు. యూనివర్సిటీ ఎట్ బఫెలో, అక్కడి వైద్య పరికరాల పరిశోధన సంస్థ జేకబ్స్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనిని ఏళ్ల తరబడి చేస్తున్నాయి కనుక, మీ ఊళ్లో ఈ మాట వినిపించడంలో వింత లేదు.

క్యాథెటర్ కొన ఉబ్బులో నిలుస్తుందా, వెనక్కి జారుతుందా, ఏ కొలత పరికరం సరిపోతుంది, ఎక్స్‌రేను ఏ కోణంలో పెడితే ఉబ్బు మెడ (అంటే ఉబ్బు ధమనితో కలిసే చోటు) స్పష్టంగా కనిపిస్తుంది అన్న విషయాలు ఈ సాధనలో ముందే తెలుస్తాయి. ఎంచుకున్న పరికరం నమూనాలో కుదరకపోతే, రోగి బల్లపైకి రాకముందే పథకం మార్చుకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు విలువ ఇదే.

అయితే నమూనాలో అంతా సవ్యంగా జరిగితే రోగిలోనూ అలాగే జరుగుతుందని హామీ ఏమీ లేదు. పలుచబడిన ఉబ్బు గోడ ఎంత బలహీనంగా ఉందో యాంజియోగ్రఫీ చెప్పజాలదు. రబ్బరు గోడ దానిలా చిట్లదు. మెదడు లోతుల్లోకి వెళ్లే అతి సన్నని ధమనులు ముద్రణలో సాధారణంగా రావు, రక్తం గడ్డకట్టడం కూడా అందులో కనిపించదు. ప్రతి రోగికీ ఈ సాధన తప్పనిసరి అనలేం గానీ, మెడ వెడల్పుగా ఉన్న ఉబ్బులకు, మెలికలు తిరిగిన ధమనులకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

కాబట్టి సాధన ఎందుకని కాక, సాధన తర్వాత పథకంలో ఏం మారిందని అడగండి. ఈ ఉబ్బుకు ఇప్పుడే చికిత్స అవసరమా, కొంతకాలం గమనించవచ్చా, తల తెరిచి ఉబ్బు మెడకు క్లిప్ వేసి మూసేయడం మేలా అన్నవీ అడిగి తెలుసుకోండి. ఫ్లో డైవర్టర్ పెడితే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు నెలల తరబడి వాడాలి. వైద్యుడు చెప్పకుండా వాటిని ఒక్కరోజు కూడా మానకూడదు.

ఈలోగా రక్తపోటును అదుపులో ఉంచండి, ఆయనకు పొగతాగే అలవాటుంటే వెంటనే మాన్పించండి. మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, స్పృహ తప్పినా, కనురెప్ప వాలిపోయినా చికిత్స తేదీ కోసం ఆగకుండా 911కు ఫోన్ చేయండి.