గోడ మీద దెయ్యం నిలవట్లేదా?

ప్రశ్న: బడి వార్షికోత్సవానికి ఒక గదిని పాడుబడ్డ మేడలా మారుస్తున్నాం. ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ నీడల కృతుల ఫొటోలు చూసి, 10 సెంటీమీటర్ల అట్టబొమ్మలు కత్తిరించి దారాలకు వేలాడదీశాం. వెనక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. గోడ మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. తోలుబొమ్మలాటకు మామూలు బల్బు సరిపోతుంది కదా! ఇంకా పెద్దది పెట్టమంటారా?
— డ్రాయింగ్ మాస్టారు, తెనాలి

జవాబు: వద్దు, ఇంకా చెడుతుంది. వెలుతురు చాలక కాదు, బల్బు లావై నీడ చెదిరిపోతోంది. బల్బు వెడల్పు 6 సెంటీమీటర్లు. బల్బుకీ బొమ్మకీ 30, బొమ్మకీ గోడకీ 210 సెంటీమీటర్ల దూరం అనుకోండి. నీడ 8 రెట్లు పెరుగుతుంది, బాగానే ఉంది. కానీ దాని అంచు 6×210÷30, అంటే 42 సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. బొమ్మ చేతివేళ్ల నీడలు అందులో ఎక్కడ కనిపిస్తాయి? తోలుబొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి దీపం ఎంత లావైనా బొమ్మ చెదరదు.

బోల్టాన్‌స్కీ 1984 నుంచి చేసిన నీడల కృతుల్లో అట్ట, రేకు, తీగలతో చేసిన చిన్న చిన్న అస్థిపంజరాలూ దెయ్యాల వంటి బొమ్మలు ఉంటాయి. భయమంతా గోడ మీదే. మీకు కావలసింది చుక్కంత దీపం. ఒకే ఎల్‌ఈడీ ఉన్న టార్చి కొని, ముందరి అద్దం, లోపలి మెరుపు గిన్నె రెండూ పీకేయండి. గిన్నె ఉంచితే నీడ చుట్టూ వలయాలు పడతాయి. వెలిగే భాగం 3 మిల్లీమీటర్లయితే అంచు మసక 2 సెంటీమీటర్లే. ఫోను లైటూ పనికొస్తుంది గానీ, రెండు ఎల్‌ఈడీలుంటే నీడలూ రెండే.

దీపాన్ని నేల మీద పెట్టి బొమ్మను కాస్త ఎత్తున కడితే నీడ సాగి కప్పు దాకా పాకుతుంది. దీపానికి మూడువైపులా నల్లట్ట అడ్డం పెట్టండి. లేకపోతే పక్కగోడల సున్నం మీద పడి తిరిగొచ్చే వెలుతురే నీడను తినేస్తుంది. బయటి వెలుతురు రాకుండా గుమ్మానికి రెండు నల్లతెరలు, మధ్యలో ఒక మలుపు ఉండాలి.

నైలాన్ దారం మెరుస్తుంది, నల్ల కుట్టుదారం వాడండి. దీపపు చుక్క కన్నా అది సన్నం కనుక దాని నీడ కనపడదు. రెండు దారాలకు కట్టిన బొమ్మ ఊగుతుందంతే. ఒక్క దారానికి కట్టింది మెల్లగా తిరుగుతుంది: నీడ సన్నబడి గీతైపోయి, మళ్లీ చేతులు చాచుకుంటూ విప్పారుతుంది. పిల్లలు బిగుసుకుపోయేది అక్కడే. ఫ్యానును బొమ్మల మీదికి తిప్పితే దారాలు చిక్కుపడతాయి. గోడవైపు తిప్పండి, తిరిగొచ్చే గాలి చాలు.

ప్రశ్న: కేకలు, ఏడుపుల రికార్డింగు పెట్టాలా? కొవ్వొత్తులు?
— అదే మాస్టారు

జవాబు: కేక వినగానే అది రికార్డింగని పిల్లలకు తెలిసిపోతుంది. నీడకు మొహం గీయకపోతే దాన్ని వాళ్లే ఊహించుకుంటారు, చప్పుడుకూ అంతే. తలుపు కిర్రుమనడం ఒక్కటి చాలు. కొన్ని కృతుల్లో బోల్టాన్‌స్కీ కొవ్వొత్తులు వాడిన మాట నిజమే. అట్టలూ తెరలూ ఉన్న మీ గదిలో మాత్రం వద్దే వద్దు. బయటికి వెళ్లే దారి వేరుగా ఉంచండి, మరీ చిన్నవాళ్లతో పెద్దవాళ్లు ఒకరు లోపలికి వెళ్లాలి.