వాన రాత్రి వెన్నెల

అమ్మాయీ,

మీ పెరట్లోకొచ్చే హెడ్జ్‌హాగ్, అదే ఆ చిన్న ముళ్ళ జంతువు మీద నువ్వు రాసిన వ్యాసం, దాంతోపాటు పంపిన ఆరు ఫోటోలు అందాయి. భాష బాగుంది. ఇక అసలు సంగతి.

"వెన్నెల్లో దాని వెండి ముళ్ళు మిలమిలా మెరుస్తుంటే" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నాకు చిరాకేసింది. నీ రెండో ఫోటో మళ్ళీ తీసి చూడు. టైం రాత్రి 2:14. చినుకులు తెల్లటి గీతల్లా పడ్డాయి. వాన కురుస్తుంటే వెన్నెల ఎక్కడిదమ్మా? అది నీ ట్రైల్ కెమెరా, అదే జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా, వాళ్ళిచ్చిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, మన కంటికి కనపడనిది. అందులో రంగులు పడవు, గడ్డి కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది. హెడ్జ్‌హాగ్ ముళ్ళు గోధుమ రంగు, కొసలు మీగడ రంగు. పొద్దున కాఫీ తాగుతూ మెమరీ కార్డు చూసి రాశావని నాకు ఇట్టే తెలిసిపోయింది.

ఇప్పుడందరూ ఫోటో చూసే రాస్తున్నారు. ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను, రాత్రి గురించి రాయాలంటే చెవితో రాయాలని. హెడ్జ్‌హాగ్‌కి చూపు అంతంతమాత్రం. ముక్కు, చెవులతోనే దాని బతుకు. దాని గురించి రాసేదానివి నువ్వు కళ్ళు పట్టుకుని వేలాడితే ఎలా?

ఇంగ్లండుకొచ్చి ఈ లెస్టర్‌ ఊళ్ళో ఇల్లు కొన్న కొత్తలో, మే నెలలో ఒక రాత్రి, మా ఆవిడ నన్ను తట్టి లేపింది. పెరట్లో ఎవరో ఆయాసపడుతున్నారంది. డాక్టరు బుద్ధి కదా, ఆయాసమనగానే లేచాను. నిజమే, హుఫ్ హుఫ్ హుఫ్ అంటూ ఆస్తమా మనిషి మెట్లెక్కుతున్నట్టే ఉంది. టార్చి తీసుకుని వెళ్తే, ఒక మగ హెడ్జ్‌హాగ్ ఆడదాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. ఆ బుసలన్నీ ఆడదానివి, విసుగుతో. గంటకు పైగా సాగింది. తెల్లారి చూస్తే గడ్డి గుండ్రంగా అణిగిపోయి ఉంది.

కెమెరా కొన్నది చాలా ఏళ్ళకు. కంచెకి నడుమెత్తున కట్టాను, వారమంతా పిల్లుల వీపులే. ఇటుక మీదికి దించితే మరీ దగ్గరకొచ్చి ముక్కొక్కటే మసగ్గా పడింది. ఆ మసక ముక్కు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. నీకూ అలాంటివి పడే ఉంటాయి. ఒక్కటీ పంపలేదేం?

ఆ మే నెల రాత్రి సంగతి రాసి ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడుగారు హెడ్జ్‌హాగ్‌ని "ఏదుపంది" చేసి, పక్కన జానెడు ముళ్ళున్న అసలు ఏదుపంది బొమ్మ వేయించారు. దోసిట్లో పట్టే జంతువుని పట్టుకుని! ఇరవై ఏళ్ళయినా ఆ మంట చల్లారలేదు. నువ్వూ ఏదుపంది అనే రాశావు. ఇంగ్లీషు మాటే ఉంచు, ఏం కాదు.

చివర్న "అదీ నాలాగే పరాయి నేల మీద వలసజీవి" అన్నావు. అది ఇక్కడిదే తల్లీ. వలసొచ్చింది నువ్వూ నేనూ. ప్రవాస సంచిక అనగానే ఉడుతనీ మంచునీ కూడా ఇల్లు తలుచుకుని ఏడిపించి పంపమంటారు ఈ పత్రికలవాళ్ళు. వాళ్ళ మాట వినకు.

నాలుగో పేజీలో మాత్రం, అది పెంకుపురుగుని నమిలే చప్పుడు "అమ్మమ్మ కట్టుడుపళ్ళతో అప్పడం కొరికినట్టు" ఉందన్నావు. అక్కడ కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

నువ్వడిగిన కలంపేరు సంగతి తర్వాత చూద్దాం.

పళ్ళెంలో పాలు పోశానని రాశావు, ముందు అది తీసెయ్యి. పాలు వాటికి అరగవు, విరేచనాలవుతాయి. మంచినీళ్ళు పెట్టు, పిల్లులకు పెట్టే మాంసం తిండి కాస్త పెట్టు. 2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్టులో అంతరించే ముప్పున్న జాతిగా చేర్చారు దాన్ని. రాత్రికి కిలోమీటరు పైనే తిరుగుతుంది, మీ కాలనీలో అన్నీ కొత్త చెక్క కంచెలు. పక్కింటివాళ్ళని అడిగి కింద 13 సెంటీమీటర్ల చదరం కంత కోయించు.

నవంబరు దాటితే నిద్రకు పోతాయి. ఇంకా నాలుగైదు వారాలుంది. ఒక రాత్రి కెమెరా ఆపేసి, కోటు వేసుకుని వెనక గుమ్మం మెట్టు మీద కూర్చో. విన్నది రాసి పంపు. ఫోటోలు వద్దు.

ఆశీస్సులతో,
మీ అంకుల్