మా అమ్మాయి మెడికల్ ఇమేజింగ్ రీసెర్చ్ అంటోంది, ఒప్పుకోమంటారా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకోమంటే మెడికల్ ఇమేజింగ్‌లో రీసెర్చ్ చేస్తానంటోంది. డాక్టర్లు, ఫిజిక్స్ వాళ్లు, కోడింగ్ వాళ్లు కలిసి చేసే పనంట. అంతమందిలో ఇటు డాక్టరూ కాక, అటు సాఫ్ట్‌వేరూ కాక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

సార్, మెడికల్ ఇమేజింగ్ అంటే స్కాన్లతో శరీరం లోపలి బొమ్మలు తీసి చూడటం. అయితే స్కాన్ సెంటర్లో మెషీన్ దగ్గరుండే టెక్నీషియన్ ఉద్యోగం వేరు. అదీ మంచి పనే, కానీ మీ అమ్మాయి చెప్తున్నది అది కాదు. ల్యాబ్‌లో తేలిన పద్ధతిని రోగి దాకా తీసుకెళ్లే పని, దాన్నే ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటున్నారు. ఇందులోకి ఇంజనీర్లు నిన్న మొన్న వచ్చినవాళ్లేం కాదు. సీటీ స్కాన్‌కి 1979లో వైద్యంలో నోబెల్ ఇస్తే, తీసుకున్న ఇద్దరిలో హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు, కార్మాక్ ఫిజిక్స్ మనిషి, డాక్టరు ఒక్కరూ లేరు.

మన హైదరాబాద్ సంగతే చూడండి. మెదడు స్కాన్లను పోల్చి చూడటానికి వాడే నమూనాలు చాలావరకు పాశ్చాత్యుల మెదళ్లతో తయారైనవి. అందుకని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థతో కలిసి 100 మంది భారతీయ యువతీయువకుల ఎంఆర్ఐలతో మనకంటూ ఒక బ్రెయిన్ అట్లాస్, అంటే మెదడు నమూనా, తయారుచేసి 2019లో బయటపెట్టారు. సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం పాశ్చాత్యుల కంటే కొంచెం తక్కువని అందులో తేలింది (తెలివికీ దీనికీ ముడిపెట్టి వాట్సాప్‌లో ఏదైనా వస్తే పట్టించుకోకండి). అల్జీమర్స్‌లో మెదడు కుంచించుకుపోతుంది కదా, అలాంటప్పుడు వేరేవాళ్ల కొలతతో మనవాళ్లని కొలిస్తే బాగున్న మనిషికి కూడా ఏదో ఉన్నట్టు అనిపించే ప్రమాదం ఉంది. వంద మెదళ్ల స్కాన్లను ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి సగటు తీయడం లెక్కలు తెలిసినవాళ్ల పని, ఆ వచ్చినదాంట్లో ఏది ఏ భాగమో చెప్పాల్సింది స్కాన్లు చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, ఒకరు లేకపోతే రెండోవాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇంకోటి చెప్తాను, ఇది నాకు బాగా నచ్చే విషయం. అమెరికా, కెనడాల్లో 2004లో అల్జీమర్స్ మీద ఏడీఎన్ఐ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. యాభైకి పైగా కేంద్రాలు, రకరకాల కంపెనీల ఎంఆర్ఐ మెషీన్లు. ఏడాది తర్వాత మెదడు కొంచెం తగ్గినట్టు కనిపిస్తే తగ్గింది నిజంగా మెదడేనా, లేక మెషీన్ కొలతలో తేడానా? దీనికోసం కాపర్ సల్ఫేట్ ద్రావణం నింపిన చిన్నచిన్న గోళాలున్న ఒక వస్తువు తయారుచేశారు, ఫాంటమ్ అంటారు. ఆ గోళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలుసు కాబట్టి, దాన్ని స్కాన్ చేసి చూస్తే ఏ మెషీన్ ఎంత వంకర చూపిస్తోందో బయటపడుతుంది. ఇలాంటివి పట్టించుకునే మనిషి లేకపోతే అన్ని ఊళ్ల స్కాన్లు కలిపి లాభం లేదు. ఆ మనిషి మీ అమ్మాయి లాంటివాళ్లే. ఎంఆర్ఐ మెషీన్ నేరుగా బొమ్మ ఇవ్వదు, సిగ్నల్ ఇస్తుంది, దాన్ని బొమ్మగా మార్చేది ఈసీఈలో పిల్లలు తిట్టుకుంటూ చదివే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే లెక్కే.

కాబట్టి రెంటికీ చెడేది ఎప్పుడంటే, అన్నీ పైపైన తెలిసి ఏదీ చేతకానప్పుడు. సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే ఇలా సిగ్నల్‌ని లెక్కలతో మార్చే పని, గట్టిగా రావాలి, వైద్యం మాత్రం డాక్టరు మాట అర్థమయ్యేంత వస్తే చాలు. లక్షలు పోసి "ఏఐ ఇన్ హెల్త్‌కేర్" అని పేరున్న ప్రతి సర్టిఫికెట్ కోర్సులోనూ చేర్చకండి, అప్పు చేసి అయితే అసలే వద్దు.

ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష రాయించండి. ఈసీ పేపర్ ఎలాగూ ఉంది, బయోమెడికల్ పేపర్ కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం, ఖరగ్‌పూర్ ఐఐటీలో మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీ స్కూల్, శ్రీచిత్ర, ఇవి చూడదగ్గవి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్, పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 2023లో పెంచినప్పటి నుంచి 37,000. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే తక్కువే, అబద్ధం చెప్పను, పీహెచ్‌డీ ఐదేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. ఆ తర్వాత బెంగళూరులో జీఈ, సీమెన్స్, ఫిలిప్స్ లాంటి స్కానర్ కంపెనీలవాళ్ల దారి కూడా ఉంది. అయితే కాలేజీ పేరు కంటే గైడ్ ముఖ్యం. ఆయన పేపర్లు తీసి చూడమనండి, వాటిలో ఆసుపత్రి డాక్టర్ల పేర్లు ఉన్నాయా, స్కాన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? అన్నీ నెట్‌లో దొరికే డేటాతోనే చేస్తున్నారంటే ఆసుపత్రి ముఖం చూడకుండానే డిగ్రీ అయిపోవచ్చు.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. త్రీడీ స్లైసర్ అని స్కాన్లు తెరిచి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పేర్లు తీసేసిన స్కాన్లు బోలెడు దొరుకుతాయి. ఒక ట్యూమర్ చుట్టూ గీత గీయమనండి, అదే స్కాన్ మీద స్నేహితురాలితోనూ గీయించమనండి. రెండు గీతలూ కలవవు. ఎందుకు కలవలేదో తెలుసుకుందామని ఊళ్లో రేడియాలజిస్టు అపాయింట్‌మెంట్ కోసం తనే తిరిగితే మీరింక అడ్డు చెప్పకండి, విసుగొచ్చి మూసేస్తే ఇప్పుడే తెలిసింది కదా, నష్టమేం లేదు.

ఈలోగా క్యాంపస్‌లో ఆఫర్ వస్తే వదులుకోమని నేను అనను. తీసుకుని పెట్టుకోమనండి, గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, ర్యాంకు చూశాక తేల్చుకోవచ్చు.